పచ్చ శాలువా ఆవిడ

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. ఉత్తరమన్నాక ఆ మాట రాయాలి గనక రాశాను, నిజమని కాదు. నువ్వు క్షేమమేనని నీ చేతిరాత చూస్తేనే తెలిసింది. నాలుగు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు. నిద్రపట్టని వాడి రాత అలా ఉండదు.

ఆ నాలుగు పేజీల్లో మూడు నాకు జాలి గురించి పాఠం చెప్పడానికే సరిపోయాయి. "నాన్నది పసిపిల్లాడి మనసు అక్కా. ఎవరు ఏడ్చినా కరిగిపోతాడు. తప్పు చేశాడే అనుకో, ముసలివాడు, దయగా చూసుకోవాలి గానీ వీధిలో పెట్టి అరుస్తావా? నీ గుండె రాయి" అని రాశావు. చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే జవాబు రాస్తే కాగితం కాలిపోయేదే. అందుకని తొమ్మిది రోజులు ఆగాను. కోపం తగ్గలేదు గానీ చెయ్యి కుదుటపడింది.

నువ్వడిగిన వాటికి వరసగా చెబుతాను. ఆఖరి పేజీ అంచున, చోటు చాలక నిలువుగా ఇరికించినట్టు ఒక చిన్న ప్రశ్న వేశావు చూడు, దానికి జవాబు కూడా ఆఖర్నే.

నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. అలాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు, ఎవరైనా చూస్తే గోడకి సున్నం రాలుతోందేమో తడిమినట్టు నటిస్తాడు. నువ్వు పంపిన తైలం సగం రాసుకుని, సగం పక్కింటి కాపలావాడికి ఇచ్చాడు. "పాపం, వాడు రోజంతా నిలబడే ఉంటాడే" అన్నాడు. ఆ కాపలావాడే మొన్న నాన్న వెళ్తుంటే గేటు దగ్గర ఉమ్మేశాడు. తైలం మాత్రం తిరిగివ్వలేదు.

నాన్నని కొట్లోంచి ఎందుకు దించేశావని అడిగావు. నేను దించలేదు, పోలీసులు దించారు. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. నీకు తెలిసింది సగమే గనక మొదట్నుంచీ రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు పది రోజుల సెలవు మీద వచ్చి వెళ్ళిన ఆరో రోజున సూది అత్త కుట్టు దుకాణంలో దొంగలు పడ్డారు. మన కొట్టుకి నాలుగు తలుపుల అవతల. రెండు కుట్టుమిషన్లు, జనం కుట్టడానికిచ్చిన బట్టలు, కత్తెరలతో సహా ఊడ్చుకుపోయారు. తాళం పగలగొట్టలేదు. మారు తాళంచెవితో శుభ్రంగా తీసి, ఆ తొందరలో దాన్ని తాళంలోనే మరిచిపోయి పోయారు. మర్నాడు పొద్దున్నే పోలీసాయన దాన్ని ఒక కాగితం పొట్లంలో చుట్టుకుని మన కొట్టుకొచ్చాడు. నేను తాళంచెవులు కోసే మిషను దగ్గర ఉన్నాను. నా వంక చూడలేదు, నేరుగా నాన్న బల్ల దగ్గరికే వెళ్ళాడు.

"పెద్దాయనా, ఇది మిషను కోత కాదు. ఆకురాయితో చేత్తో అరగదీసింది. ఈ చుట్టుపక్కల చేత్తో చేసేది మీరొక్కరేగా?"

నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తాళంచెవిని కంటిదాకా తెచ్చుకున్నాడు. బొటనవేలితో దాని పళ్ళ మీద రెండుసార్లు రాశాడు. తరవాత, "నేనే చేశానండి" అన్నాడు.

"ఎవరికి?"

"ఒకావిడ వచ్చింది. సబ్బుబిళ్ళ మీద ఎప్పుడో తీసి దాచిన అచ్చు తీసుకొచ్చింది. తాళంచెవి పోయిందట, లోపల పిల్లాడు జ్వరంతో ఉన్నాడట, ఒకటే ఏడుపు. జాలేసి చేసిచ్చాను."

"ఎలా ఉంటుంది?"

నాన్న తడబడ్డాడు. "పచ్చ శాలువా కప్పుకుంది" అన్నాడు.

అంతే. ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? వీధిలో ఆయన పేరే అయ్యోపాపం మేస్త్రి. గొడుగు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఒకాయన మన గొడుగు అరువు తీసుకుని, పోయిందని చెప్పడానికొస్తే, నాన్న ఆయన్నే ఓదార్చి టీ ఇప్పించి పంపాడు. నెల తిరక్కుండా వానలో అదే మనిషి అదే గొడుగు వేసుకుని పోతుంటే నేను చూపించాను. "పాపం, దొరికినట్టుందే" అన్నాడు. అలాంటి మనిషి ఏడుపు చూసి తాళంచెవి చేసిచ్చాడంటే నమ్మని వాడెవడు? జన్మలో మొదటి అబద్ధం ఆడాడు, అది ఒక్క మాట అడక్కుండా చెల్లిపోయింది.

నేనూ నమ్మాను. నన్ను ఊరంతా ససేమిరా అంటుంది, ఎవరేం చెప్పినా నమ్మనని. చూశావా, నమ్మకూడని ఆ ఒక్కదాన్నే నమ్మాను. ఆలోచిస్తే అప్పుడే తెలియాల్సింది. నాన్నకి జాలి ఎంతైనా ఉండనీ, తలుపు చూడందే తాళంచెవి చేసేవాడు కాదు. అయ్యో పాపం అంటూనే లేచి, చెప్పులేసుకుని, "పదమ్మా, మీ తలుపు చూపించు" అని సంచీ భుజానికి తగిలించుకునేవాడు. నలుగురూ చూస్తుండగా తలుపు తీసి, అది వాళ్ళ ఇల్లేనని తేలాకే తాళంచెవి చేతిలో పెట్టేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు. మనిద్దరికీ అక్షరాలకంటే ముందు నేర్పింది ఆ ఒక్క ముక్కే. అది మరిచిపోయి నేను ఆయన మీద ఇంతెత్తున లేచాను.

అక్కడితో ఆగినా బాగుండేది. దొంగతనం జరిగిన పదకొండో రోజున పోలీసులు పచ్చ శాలువా ఆవిడని పట్టుకొచ్చారు.

నిజంగానే. ఆసుపత్రిలో రోగుల పక్కలు మార్చే ఆయా ఒకామె ఉంది. పాపం ఆమెకి ఒక పచ్చ శాలువా ఉంది, ఇంట్లో జ్వరంతో ఒక పిల్లాడూ ఉన్నాడు. ఇంకేం కావాలి? ఆమెని స్టేషనులో బెంచీ మీద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆసుపత్రి వాళ్ళు ఆ రోజే పనిలోంచి తీసేశారు. నాన్నని గుర్తుపట్టమని పిలిస్తే నేనూ వెంట వెళ్ళాను. ఆమె ఏడవడం లేదు. శాలువా తీసి, మడిచి, ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

"ఈమె కాదండి" అన్నాడు నాన్న.

"మీకు జాలెక్కువని మాకు తెలుసు పెద్దాయనా. సరిగ్గా చూసి చెప్పండి."

"కాదండి బాబూ, ఈమె కాదు."

"మరి ఎవరు? శాలువా ఇదే కదా? మీరు కాదన్నంత మాత్రాన వదిలేస్తామా?"

నాన్న ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. "అసలు ఆడమనిషే రాలేదండి. ఏడుపూ లేదు, సబ్బుబిళ్ళా లేదు. దొంగతనానికని తెలిసే చేశాను. ఎవరికిచ్చానో చెప్పను. ఆమెని ఇంటికి పంపించండి."

ఒక్క నిమిషంలో అయ్యోపాపం మేస్త్రి కాస్తా దొంగ మేస్త్రి అయ్యాడు. మర్నాడు వచ్చి ఆయన పనిముట్లన్నీ గోనెసంచీలో వేసుకుపోయారు. ఆకురాళ్ళు, సుత్తి, బల్లకి బిగించిన, తాళంచెవిని కదలకుండా పట్టే వైసు కూడా. కేసు పెట్టి, పూచీకత్తు మీద ఇంటికి వదిలారు. వీధిలో జనం తాళాలు మార్చుకున్నారు. మారిస్తే మార్చుకున్నారు, కొత్తవి కొన్నది మన కొట్లో మాత్రం కాదు. పిల్లలు నాన్నని చూసి జేబులు మూసుకుంటున్నట్టు ఆట ఆడతారు.

ఇక నేనేం చేశానో చెబుతాను. నీకు ఎవరో సగమే రాశారు. అరవడం ఒక్కటే కాదు. వీధంతా వింటుండగా, "మూర్ఖుణ్ణయితే నాన్నా అని పిలుస్తాను, దొంగని పిలవలేను" అన్నాను. ఇరవై మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం కంచంలో పెట్టి వంటింటి గడప మీద ఉంచి, నా గదిలోకి పోయేదాన్ని. ఆయన తిని, కంచం కడిగి, దానిమీద మూతపెట్టి, నేను పెట్టిన చోటే పెట్టేవాడు. ఒక్కరోజు కూడా నన్నొక మాట అనలేదు. కాబట్టి నీ ఉత్తరంలో గుండె రాయి అన్నావే, అది నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ మాట అనడానికి నువ్వు తగవు. ఎందుకో ఇంకో రెండు పేరాలు ఆగు.

సూది అత్త మనతో మాట్లాడుతోందా అని అడిగావు. మాట్లాడకేం, తెల్లారి లేస్తే తిట్లే. మిషన్లు పోయాక చేత్తో కుట్టుకుంటోంది. నాన్న రోజూ ఎనిమిదింటికల్లా అక్కడికి పోయి గుండీలు కుట్టి, కాజాలు తీసి వస్తున్నాడు. మొదటి రోజు ఆవిడ నీళ్ళ చెంబు విసిరింది. రెండో రోజు తలుపేసుకుంది, ఈయన మెట్టు మీద కూర్చున్నాడు. మూడో రోజు విసుగొచ్చి ఒక చొక్కా మొహాన కొట్టి, "కుట్టు, నీ చేతులు పడిపోను!" అంది. అలా మొదలైంది. నాన్న వేళ్ళు ఇనుముకి అలవాటుపడ్డవి, సూది నిలవదు. "ఇది కాజానా, తాళం కన్నమా? ఇందులో గుండీ కాదు, నీ తాళంచెవి దూరుతుంది!" అని ఆవిడ కేకలు మన కొట్టుదాకా వినబడతాయి. ఆయన "అవునమ్మా" అని విప్పి మళ్ళీ కుడతాడు.

మొన్న నేను ఆయన్ని తీసుకురావడానికి వెళ్తే, ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. నా మీద కూడా ఏదైనా విసురుతుందనుకుని సిద్ధంగా నిలబడ్డాను. "ఏమే, నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. దొంగైనవాడు రోజూ వచ్చి ఇన్ని తిట్లు తింటాడా? నీకేమైనా తెలుసా?" అంది. తెలియదన్నాను. అది నేనాడిన అబద్ధం. ఈ ఇంట్లో అందరం మొదలుపెట్టాం.

ఇక నీ ఆఖరి ప్రశ్నకి వస్తాను. "ఆ తాళంచెవి ఏమైంది, ఇంకా పోలీసుల దగ్గరే ఉందా?" అని అడిగావు. నాన్న మోకాలి కంటే, నా గుండె రాయికంటే నీకు కావలసింది ఆ జవాబేనని నాకు తెలుసు.

పోలీసుల దగ్గరే ఉంది. ప్లీడరు వెంట వెళ్ళి చూశాను. ఆరోజు కొట్లో నా చేతికి రాలేదు, ఈసారి వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి చూశాను. తిప్పి రెండో పక్కా చూశాను. సంచీలోంచి కాగితం తీసి, తాళంచెవి మీద పరిచి, పెన్సిలుతో రుద్దాను. "మీ నాన్న పనే కదమ్మా, బొమ్మెందుకు?" అన్నాడు అక్కడి ఉద్యోగి. "మావాళ్ళ పని ఇంట్లో ఒకటుండాలి" అన్నాను.

ఆ కాగితం ఈ ఉత్తరంలోనే మడిచి పెట్టాను. తీసి చూడు. ఆకురాయి గీతలు ఎటు ఒరిగాయి?

నాన్నవీ నావీ కుడికి ఒరుగుతాయి. కుడిచేత్తో ఆకురాయి పట్టే ఎవరివైనా అటే. మన ముగ్గురిలో ఎడమచేతివాటం నీ ఒక్కడిదే. చిన్నప్పుడు నీ గీతలు చూసి నాన్న "వీడు అద్దంలోంచి పనిచేస్తాడే" అని మురిసిపోయేవాడు. చెయ్యి మార్చమని ఒక్కసారి అనలేదు. నీ చేతి పట్టుకి సరిపోయేలా ఆకురాయికి చెక్కపిడి తనే చెక్కిచ్చాడు. ఆ కాగితం మీద ప్రతి పంటి గీతా ఎడమకి ఒరిగి ఉంది తమ్ముడూ.

నువ్వు వచ్చిన ఆ పది రోజుల్లోనే సూది అత్త, తాళం బిగుసుకుపోయిందని తాళమూ తాళంచెవీ తెచ్చి నాన్నకిచ్చింది. ఒక పూటంతా అవి మన బల్ల మీద ఉన్నాయి. నాన్నా నేనూ బజారుకి పోయాం. కొట్లో నువ్వూ, నీ వెంట వచ్చిన ఆ టోపీవాడూ ఉన్నారు. నాన్నని బాబాయ్ బాబాయ్ అంటూ మన కంచాల్లో నాలుగు రోజులు తిన్న ఆ స్నేహితుడు ఇప్పుడెక్కడున్నాడు? తెలిసే చేశావా, లేక వాడు నీకూ టోపీ పెట్టాడా? నాకు తెలియదు. తెలియకుండా చేశావే అనుకుందాం. తెలిశాక కూడా నాలుగు పేజీలు కొట్టివేత లేకుండా రాశావు చూడు, దాన్ని నేను క్షమించలేకపోతున్నాను.

పోలీసుల దగ్గర ఆ కాగితం రుద్దుకున్న రోజు నేను ఇంటికొచ్చేసరికి నాన్న మెట్టు మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరుచేస్తున్నాడు. కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను. ఇరవై మూడు రోజుల తరవాత నేనన్న మొదటి మాట, "పచ్చ శాలువా ఆవిడ ఎవరు నాన్నా?"

"ఎవరూ లేరే. ఆ పోలీసాయన ఎలా ఉంటుందని అడుగుతాడనుకోలేదు. నోటికొచ్చింది చెప్పాను. అలాంటామె నిజంగా ఉంటుందని నాకేం తెలుసు?"

"ఈ గీతలు నీకు ఆరోజే తెలుసా?"

"నేను నేర్పిన చెయ్యి నాకు తెలియదా" అన్నాడు.

నేను నిన్ను తిట్టని తిట్టు లేదు. అన్నీ రాస్తే తపాలా బిళ్ళలు చాలవు. అంతా విని, నాన్న ఏమన్నాడో తెలుసా? "వాడి దగ్గరికి ఎవరో వచ్చి ఏడ్చి ఉంటారే. పాపం, కరిగిపోయి చేసి ఉంటాడు. వాడికి నా మనసే వచ్చింది."

"వాడు తలుపు చూడలేదు నాన్నా!" అని అరిచాను.

"చూడలేదు. అది నేను గట్టిగా నేర్పలేదు. తప్పు నాది" అన్నాడు.

అర్థమవుతోందా? పోలీసులకి చెప్పిన కథలో ఏడ్చే ఆవిడని ఆయన పుట్టించింది ఊరికే కాదు. నీ విషయంలో తను నమ్మింది అదే. ఎవరో ఏడ్చారు, నువ్వు కరిగావు. ఆ మాటే నీ స్థానంలో తను నిలబడి చెప్పాడు.

నేను వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. "చెప్పుకో. ఆ గీతలు నావేనంటాను. ఆ రోజు కుడిచెయ్యి బెణికితే ఎడమచేత్తో చేశానంటాను. కోర్టు నలభై ఏళ్ళు ఆకురాయి పట్టినవాడి మాట నమ్ముతుందా, నీ మాటా?" అన్నాడు. ఒక్క అబద్ధంతో మొదలుపెట్టి, ఎంత తొందరగా ఆరితేరాడో చూడు. పోలీసులు పనిముట్లు పట్టుకుపోయిన రోజున కూడా ఒకటి దాచాడు. నీ ఎడమచేతి ఆకురాయి. బియ్యం డబ్బాలో అడుగున పెట్టాడు. మొన్న కొలపాత్రకి తగిలింది. బయటికి తీస్తే, పిడికి నూనె రాసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఈ నెల పద్దెనిమిదో తారీకున కేసు విచారణ. నాన్న ఒప్పుకుంటే రెండేళ్ళకి తక్కువ పడదని ప్లీడరు చెప్పాడు. ఆయన ఒప్పుకుంటాడు. అప్పుడే దుప్పటీ, కళ్ళజోడు పెట్టె సంచీలో సర్దుకున్నాడు. సూది అత్త దగ్గర కాజాలు ఎన్ని మిగిలాయో చూసుకుని, ఆ లోపలే పూర్తిచెయ్యాలని తొందరపడుతున్నాడు. ఆ ఆయాకి పోయిన పని ఇంకా తిరిగి రాలేదు. నిజం చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. చెప్పాల్సింది కూడా ఉత్తరంలో కాదు, ఎదురుగా నిలబడి.

నీకు రాస్తున్నానని నాన్నకి తెలుసు. ఏం రాస్తున్నానో అడగలేదు. "పద్దెనిమిదికి రావద్దని రాయి, కొత్త ఉద్యోగం, సెలవు అడిగితే పైవాళ్ళకి కోపమొస్తుంది. చలిలో ఎడమచెయ్యి లాగుతుందేమో, కాపడం పెట్టుకోమను" అన్నాడు. రాయమన్నాడు గనక రాశాను.

నువ్వు రాకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. నేను నీకు శాపనార్థాలు పెడతాను, అది సరే. ఆయన మాత్రం కోర్టు మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి, వీధి చివరిదాకా ఒకసారి చూసి, "పాపం, సెలవు దొరికి ఉండదే" అంటాడు. నిజంగా నమ్మే అంటాడు. ఆ మాట నా చెవులతో నన్ను విననివ్వకు.

పదిహేడున రైలు పొద్దున ఆరింటికి వస్తుంది. స్టేషనులో నేనుంటాను.

ఇట్లు,
జన్మలో మొదటిసారి ఒకణ్ణి నమ్మి చూస్తున్న
నీ అక్క.